లెక్కల దిగుమతి సాధనములు: యోగ్యతా విచారణ

వర్తకుల చిట్టాలు, ఆవర్జాలు నేడు చాలవరకు కంప్యూటరులోనికి చేరినవి. అయినను చిన్న వ్యాపారములలో పెక్కింటి లెక్కలు ఎక్సెల్ పట్టికలలోనే ఉండును. వ్యాపారము పెరిగి, టాలీ వంటి అకౌంటింగు సాఫ్ట్‌వేరునకు మారవలసి వచ్చినపుడు వేలకొలది పద్దులను చేతితో మరల ఎక్కించుట మిక్కిలి శ్రమ. పట్టికలోని పద్దులను చదివి, కొత్త సాఫ్ట్‌వేరులో వోచర్లుగా వ్రాయు పనిని దిగుమతి సాధనములు చేయును. వీటిని అమ్మువారు వేగమును ముందుగా చెప్పుదురు. కొనువారును దానినే ముందుగా అడుగుదురు. కాని లోనికి తెచ్చిన పద్దులవలన కంటె, తేలేకపోయిన పద్దులను గూర్చి ఏమి చెప్పునో దానివలన సాధనముయొక్క యోగ్యత ఎక్కువగా తెలియును.

దీనికి వ్యాపారమునకు వెలుపలి ఉదాహరణము ఒకటి కలదు. 2020 అక్టోబరులో ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ కోవిడ్ పరీక్షా ఫలితములను పాత ఎక్సెల్ పద్ధతి ఫైలులోనికి దిగుమతి చేయుచుండగా 15,841 కేసులు లెక్కకు రాకుండ పోయినట్లు బయటపడినది. ఆ పాత ఫైలులో అడ్డు వరుసలు 65,536 మాత్రమే పట్టును. ఇది 2 యొక్క 16వ ఘాతము. ఆ హద్దు దాటిన వరుసలు చడీచప్పుడు లేక జారిపోయినవి. ఆ రోగులను కలిసినవారిని వెదకు పని దానివలన ఆలస్యమైనది. హద్దు ఉండుట తప్పు కాదు. హద్దు దాటినదని చెప్పకపోవుట తప్పు.

లెక్కల విషయమున ఇట్టి ప్రమాదము లేదనియు, జంటపద్దు విధానము తప్పును పట్టి ఇచ్చుననియు కొందరు తలంతురు. 1494లో వెనిస్ నగరమున అచ్చయిన గ్రంథములో లూకా పాచియోలి వర్ణించిన ఈ విధానమున ప్రతి వ్యవహారమునకు డెబిట్, క్రెడిట్ అను రెండు పక్షములు సమానముగా ఉండును. కాని రూ. 5,000 వోచరు ఒకటి దిగుమతిలో పూర్తిగా జారిపోయినదనుకొనుడు. రెండు పక్షములనుండియు 5,000 తగ్గును, అంకణా సరిపోవును. అదే వోచరు రెండుమార్లు ఎక్కినను రెండు పక్షములు సమానముగనే పెరుగును. అప్పుడును అంకణా సరిపోవును. రెండు పళ్లెములనుండి సమానమైన బరువులను తీసివేసినచో త్రాసుకు తెలియదు గదా! కావున అంకణా కుదిరినదను కారణముచేత దిగుమతి సరిగా జరిగినదని చెప్పరాదు.

తేదీల వలన కలుగు తప్పు ఇంకను సూక్ష్మమైనది. పట్టికలో 03/04/2025 అని ఉన్నచో మన వాడుకలో అది ఏప్రిల్ 3. నెలను ముందు చదువు అమెరికా వాడుకలో అది మార్చి 4. మన ఆర్థిక సంవత్సరము మార్చి 31తో ముగియును. కనుక సాధనము తేదీని తారుమారుగా చదివినచో 2025–26 సంవత్సరపు అమ్మకము 2024–25లోనికి పోవును. రెండు సంవత్సరముల లాభమును తప్పగును. 25/04/2025 అను తేదీని మాత్రము తారుమారు చేయుటకు వీలు లేదు, 25వ నెల లేదు గనుక. అనగా ఒకే ఫైలులో కొన్ని తేదీలు చెడి, కొన్ని నిలుచును. ఇట్టి పాక్షికమైన తప్పు కంటికి త్వరగా ఆనదు.

కొన్ని తప్పులు ఎక్సెల్ దశలోనే పుట్టును. సంఖ్యగా ఎంచినచో అది ముందున్న సున్నలను తీసివేయును. 15 అంకెలకు మించిన సంఖ్యలో పైబడిన అంకెలను సున్నలుగా మార్చును. బ్యాంకు ఖాతా సంఖ్యలకు ఇది హాని. శాస్త్రజ్ఞులును ఈ బాధ పడినవారే. ‘మార్చ్1’ వంటి జన్యు నామములను ఎక్సెల్ తేదీలుగా మార్చివేయుచుండుటచే, 2020 నాటికి అట్టి నామములనే మార్చవలసి వచ్చినది.

ఇక మన దేశమున విరివిగా వాడబడు టాలీని పరిశీలింపవచ్చును. ఇందు చిరకాలము ఎక్స్‌ఎంఎల్ ఫైలు ద్వారానే దిగుమతి జరిగెను. 2023 డిసెంబరులో వెలువడిన టాలీప్రైమ్ 4.0తో ఎక్సెల్ పట్టికను నేరుగా తీసికొను వీలు కలిగినది. ఎక్స్‌ఎంఎల్ మార్గమున ఎన్ని పద్దులు సృష్టింపబడినవో, మార్పబడినవో, విడువబడినవో, ఎన్నింట దోషములున్నవో వేరువేరుగా తెలియును. ఇది మెచ్చదగిన గుణము. అయితే ఖాతా ముందే ఉన్నచో ఏమి చేయవలెనను దానికి మూడు మార్గములు చూపబడును: ప్రారంభ నిల్వలను కలుపుట, నకళ్లను విడుచుట, కొత్త వివరములతో మార్చుట. మొదటిదానిని ఎన్నుకొని, అదే ఫైలును పొరపాటున రెండుమార్లు పంపినచో నిల్వలు రెట్టింపగును. మూడవదానిని ఎన్నుకొన్నచో పాత వివరము చెరిగిపోవును. ఎన్నిక చేయువానికి ఈ భేదము తెలియనిచో సాధనము ఎంత మంచిదైనను ఫలము చెడును. దిగుమతికి ముందు లెక్కల నకలును భద్రపరచుట అందుచేతనే తప్పనిసరి.

సాధనమును ఎన్నుకొనునపుడు పరిశీలింపవలసినవి నాలుగు. మొదటిది, అసలు లెక్కలను తాకకుండ పరీక్షార్థము నడుపు వీలుండవలెను. రెండవది, నిరాకరించిన వరుస సంఖ్యను, కారణమును చెప్పవలెను. మూడవది, ప్రతి వోచరును దాని విశిష్ట సంఖ్యచే గుర్తించి, రెండవమారు వచ్చినచో ఆపవలెను. నాలుగవది, తాను వ్రాసిన పద్దులను గుర్తించి చూపవలెను. కంపెనీల విషయమున నాలుగవది మరింత ముఖ్యము. ప్రతి వ్యవహారమున జరిగిన మార్పుల జాడను అకౌంటింగు సాఫ్ట్‌వేరు నమోదు చేయవలెనను నిబంధన 2023 ఏప్రిల్ 1 నుండి వారికి అమలులోనికి వచ్చినది.

సాధనము చెప్పిన మాటను సరిచూచుటకు సులభమైన గణితమున్నది. ఫైలులోని వోచర్ల సంఖ్యను, మొత్తము సొమ్మును, బిల్లు సంఖ్యల కూడికను ముందుగా వ్రాసికొని, దిగుమతి తరువాత మరల లెక్కింపవలెను. బిల్లు సంఖ్యల కూడికకు స్వతహాగా అర్థము లేదు. కాని ఒక్క బిల్లు జారిపోయినను ఆ మొత్తము మారును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చేసి చూపవచ్చును. పది వరుసల పట్టిక వ్రాయించి, అందు ఒక వోచరును రెండుమార్లు చేర్చి, ఒకదానిలో డెబిట్, క్రెడిట్‌లను అసమానముగా ఉంచి, మరియొకదానిలో ఆవర్జాలో లేని ఖాతా పేరు వ్రాసి, మాదిరి కంపెనీ లెక్కలోనికి పంపవలెను. ఆ మూడు దోషములను చూపి తక్కినవానిని తీసికొన్న సాధనమును నమ్మవచ్చును. పదియును చక్కగా చేరినవని చెప్పు సాధనము ఎంత వేగముగా చెప్పినను దానిని విడిచిపెట్టుటయే మేలు.