అరువు నగలు కావు

మా కురబలకోట నుంచి భద్రాచలం బయల్దేరిన వాళ్ళకి డోర్నకల్ అంటే రైలు మారే జంక్షనే. ఈసారి ఊళ్ళోకెళ్ళి పెద్ద చర్చి చూసి రండి. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అజరయ్యగారు కట్టించింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. 1947 నుంచి సి.ఎస్.ఐ. వారిది.

పైన మసీదు తరహా గుమ్మటాలు, లోపల గుడి తరహా స్తంభాలు! "ఇదేం కలగాపులగం, అన్నీ అరువు నగలే" అనిపిస్తుంది. కానీ ఆలోచించండి. మద్రాసు సెయింట్ జార్జి చర్చికి 1815లో పెట్టినట్టు ఇంగ్లండు శిఖరం పెడితే, అదీ అరువు నగ! కొత్త దేవుణ్ణి నమ్మిన పల్లెజనం తమ ఊరిని వదులుకోనక్కర్లేదని ఈ స్తంభాలు చెబుతున్నాయి. నగలు కాస్త ఎక్కువయ్యాయంటే ఒప్పుకుంటాను గానీ, అరువువంటే మాత్రం ఒప్పుకోను.