అడిగి తీసుకునే కరెంటు

పాత రకం యూఎస్‌బీ కేబుల్ ఒకటి తీసుకుని, కంప్యూటర్‌కి గుచ్చే వెడల్పాటి కొస లోపలికి తొంగి చూడండి. ప్లాస్టిక్ పలక మీద నాలుగు రేకులు వరసగా ఉంటాయి. నాలుగూ ఒకే పొడవు కావు. అటూ ఇటూ ఉన్న రెండూ కొసకి దగ్గరగా వస్తాయి, నడిమి రెండూ సుమారు ఒక మిల్లీమీటరు వెనకే ఆగిపోతాయి. ఇది కావాలని పెట్టిన తేడా. చివరి రెండూ కరెంటువి, నడిమి రెండూ డేటావి. గుచ్చేటప్పుడు ముందు కరెంటు తగిలి, ఆ తర్వాత డేటా కలవాలి. పీకేటప్పుడు ముందు డేటా తెగి, ఆఖరున కరెంటు పోవాలి. నడుస్తున్న కంప్యూటర్‌కి ఏ పరికరాన్నయినా జంకు లేకుండా తగిలించి తీసేస్తున్నామంటే, అందులో ఈ మిల్లీమీటరు పుణ్యం కొంత ఉంది.

కంప్యూటర్‌కి ట్యాబ్ పెట్టి ఛార్జ్ చేసుకునేటప్పుడు ఈ పనితనం మన కంటికి ఆనదు. గంటసేపు పెట్టినా నాలుగు శాతం ఎక్కలేదని విసుక్కుంటాం. కానీ ఆ నెమ్మదిలోనే ఈ ఏర్పాటు గొప్పదనం దాగి ఉంది. ఇక్కడ ఎవరూ కరెంటు లాక్కోరు. అడుగుతారు, ఒప్పుకున్నాక తీసుకుంటారు. ఆ అడగడానికీ ఒప్పుకోవడానికీ వాడిన సరంజామా చాలావరకు కొన్ని రెసిస్టర్లే.

యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐబీఎం, కాంపాక్, డీఈసీ, ఎన్‌ఈసీ, నార్టెల్ కలిసి తెచ్చాయి. ఇంటెల్ తరఫున దీనికి పట్టుబట్టి పనిచేసినవారిలో ముఖ్యుడు బరోడాలో చదువుకున్న అజయ్ భట్. కీబోర్డుకొక సాకెట్, ప్రింటరుకొకటి, మోడెముకొకటి అంటూ కంప్యూటర్ వెనక ఉండే గందరగోళాన్ని ఒక్క సాకెట్‌తో తీర్చాలన్నది అప్పటి తాపత్రయం. బ్యాటరీలు నింపడం ఆనాటి లెక్కలో లేదు. మౌసుకీ కీబోర్డుకీ విడిగా అడాప్టర్ అక్కర్లేకుండా ఉంటే చాలు. అందుకని 5 వోల్టులు ఖాయం చేసి, 100 మిల్లీ ఆంపియర్లను ఒక వంతుగా లెక్కగట్టారు. ఒక పరికరానికి అయిదు వంతులు, అంటే 500 మిల్లీ ఆంపియర్లు గరిష్ఠం.

ఆ వంతు అడిగే తీరు చూడదగ్గది. కంప్యూటర్ వైపు డీ ప్లస్, డీ మైనస్ అనే రెండు డేటా తీగలనూ 15 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు సున్నా వోల్టుల దగ్గర పట్టి ఉంచుతాయి. పరికరం వచ్చి, తన వైపు నుంచి ఒక తీగను 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో 3.3 వోల్టుల వైపు లాగుతుంది. దాని పట్టు పది రెట్లు గట్టిది కాబట్టి తీగ పైకి లేస్తుంది. తీగ లేచిందంటే ఎవరో వచ్చారని కంప్యూటర్‌కి తెలుస్తుంది. డీ ప్లస్ తీగ లేస్తే వచ్చింది వేగం గలది, డీ మైనస్ లేస్తే మౌసు, కీబోర్డు లాంటి నెమ్మది సరుకు. ఒక్క రెసిస్టర్ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేసింది.

తర్వాత అసలు సంభాషణ మొదలవుతుంది. కంప్యూటర్ పరికరానికొక నంబరు ఇచ్చి వివరాలు అడుగుతుంది. పరికరం పంపే వివరాల్లో ‘నాకు ఇంత కరెంటు కావాలి’ అని చెప్పే బైటు ఒకటి ఉంటుంది. ఒక బైటులో 255కి మించిన సంఖ్య పట్టదు. అందుకని అక్కడ రెండేసి మిల్లీ ఆంపియర్ల చొప్పున కొలుస్తారు. 250 అని రాసి ఉంటే 500 కావాలని అర్థం. కంప్యూటర్ సరేననే దాకా పరికరం 100 దాటకూడదు. సొంత అడాప్టర్ లేని హబ్‌కి తగిలిస్తే ఆ 100తోనే సరిపెట్టుకోవాలి. కంప్యూటర్ నిద్రలోకి జారి, తీగల మీద 3 మిల్లీసెకన్లు అలికిడి లేకపోతే పరికరం కూడా తన వాడకాన్ని 2.5 మిల్లీ ఆంపియర్లకు కుదించుకోవాలి. పెళ్లి పంక్తిలో చివరి విస్తరి దాకా అందాలని చూసుకుంటూ వడ్డించేవాడి తీరు ఇది.

ఈ మర్యాదకు తొలి పెద్ద పరీక్ష 2010లో ఐప్యాడ్ రూపంలో వచ్చింది. దాని బ్యాటరీ సుమారు 25 వాట్-గంటలు. పది గంటలు పనిచేస్తుందని యాపిల్ చెప్పింది. భాగించి చూస్తే సగటున అది తినేది 2.5 వాట్లు. ఇటు మామూలు కంప్యూటర్ పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, అర ఆంపియర్. గుణిస్తే అదీ 2.5 వాట్లే! తెర వెలుగుతున్నంతసేపూ వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోయింది. ‘నాట్ ఛార్జింగ్’ అని అది చూపిన మాటలో మోసం లేదు. తెర ఆర్పి వదిలేస్తే మెల్లగా ఎక్కేది. కానీ అడుగు నుంచి నిండాలంటే నష్టాలు లెక్కగట్టకుండానే పది గంటలు. దానితో వచ్చిన గోడ ఛార్జరేమో 10 వాట్లది.

మరి తగిలింది గోడ ఛార్జరో కంప్యూటరో ట్యాబ్‌కి తెలిసేదెలా? గోడ ఛార్జర్‌కి సంభాషించే బుర్ర లేదు. యాపిల్ తన ఛార్జర్లలో డేటా తీగల మీద 2.0, 2.7 వోల్టులను రెసిస్టర్లతో నిలబెట్టి, ఏ తీగ మీద ఏది ఉందన్నదాన్నే గుర్తుగా వాడుకుంది. ఉమ్మడి ప్రమాణానిది ఇంకా సొగసైన పద్ధతి. 2010 డిసెంబరులో వచ్చిన బ్యాటరీ ఛార్జింగ్ 1.2 నిబంధనల ప్రకారం గోడ ఛార్జర్‌లో రెండు డేటా తీగలనూ ఒకదానికొకటి కలిపేస్తారు, అంతే. ట్యాబ్ డీ ప్లస్ మీద సుమారు 0.6 వోల్టులు పెట్టి డీ మైనస్ వైపు చూస్తుంది. అక్కడ ఏమీ కనిపించకపోతే అది మామూలు కంప్యూటర్ పోర్టు, పాత పద్ధతిలో అడిగి తీసుకోవాలి. కనిపిస్తే ఎక్కువ ఇవ్వగల పోర్టన్నమాట. 1.5 ఆంపియర్ల దాకా ఇవ్వగల కంప్యూటర్ పోర్టులు కూడా ఉన్నాయి. అవి డీ ప్లస్ మీద ఆ వోల్టేజీ పసిగట్టి డీ మైనస్‌ను తామే లేపుతాయి. అందుకని ట్యాబ్ రెండోసారి ప్రశ్నను తిరగేస్తుంది. ఈసారి డీ మైనస్ మీద పెట్టి డీ ప్లస్ వైపు చూస్తుంది. కలిపేసిన తీగలైతే అక్కడా కనిపించి తీరుతుంది. కంప్యూటరైతే ఊరుకుంటుంది. రెండు ప్రశ్నలతో మూడు రకాల పోర్టులు విడివిడిగా తేలిపోయాయి.

ఆ 0.6 అంకె ఎంపికలో కూడా నేర్పుంది. డేటా లెక్కలో 0.8 వోల్టులకు దిగువన ఉన్నదంతా సున్నాయే. ట్యాబ్ అలా తడిమి చూసుకున్నా, మామూలు పోర్టు దాన్ని మాటగా పొరబడదు. అంతకు ముందున్న పాత కంప్యూటర్‌కి కూడా ఇబ్బంది లేకుండా కొత్త ప్రశ్న పాత తీగల మీదే నడిచిపోయింది.

ఒప్పందం కుదిరినా కేబుల్ అడ్డుపడొచ్చు. చవక కేబుళ్లలో కరెంటు తీగలు సన్నగా, 28 గేజ్‌లో ఉంటాయి. మీటరు పొడవుంటే రానూపోనూ కలిపి దాదాపు 0.43 ఓమ్. అర ఆంపియర్ దగ్గర పోయేది 0.2 వోల్టులే. రెండు ఆంపియర్లు లాగితే 0.85 పోయి, ట్యాబ్‌ని చేరేది 4.15 మాత్రమే. నిండిన లిథియం సెల్ వోల్టేజీ సాధారణంగా 4.2. అందుకే ట్యాబ్ లోపలి ఛార్జింగ్ చిప్ వచ్చే వోల్టేజీని కనిపెట్టి ఉంటుంది. అది పడిపోతోందనిపిస్తే తన లాగుడు తానే తగ్గించుకుంటుంది. పొట్టి, మందపాటి కేబుల్ మార్చగానే ఛార్జింగ్ వేగం పెరిగితే అందులో మాయ లేదు.

2014లో వచ్చిన టైప్-సీలో ఈ మర్యాద మరో మెట్టు ఎక్కింది. అవతల ట్యాబ్ ఉందని తేలేదాకా పోర్టు 5 వోల్టులు కూడా బయటికి వదలదు. ట్యాబ్ వైపు 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కనిపిస్తేనే కరెంటు. ఎంత ఇవ్వగలనన్నది పోర్టు కూడా రెసిస్టర్‌తోనే చెబుతుంది: 5 వోల్టుల వైపు లాగే రెసిస్టర్ 56 కిలో ఓమ్‌లైతే మామూలు వంతు, 22 అయితే 1.5 ఆంపియర్లు, 10 అయితే 3. ఇక్కడ ఎంత కచ్చితంగా ఉండాలో 2019లో రాస్ప్‌బెరీ పై 4 బోర్డు చూపించింది. ఈ గుర్తింపు కోసం ఉన్న రెండు పిన్నులకు చెరొకటి పెట్టాల్సిన రెసిస్టర్‌ను ఉమ్మడిగా ఒకటే పెట్టారు. ఫలితంగా చిప్ ఉన్న ఖరీదైన కేబుళ్లతో ఛార్జర్లు ఆ బోర్డుకి కరెంటు ఇవ్వలేదు, మామూలు కేబుళ్లతో మాత్రం నడిచింది. తర్వాతి బోర్డుల్లో సరిదిద్దారు. ఇప్పుడు పవర్ డెలివరీ పద్ధతిలో ఇదే సాకెట్ 240 వాట్ల దాకా మోయగలదు. దానికీ మొదటి మెట్టు ఆ రెసిస్టరే.

లోటు లేదని కాదు. చాలా కంప్యూటర్లు 500 దగ్గర కచ్చితంగా కోత పెట్టవు. మరీ ఎక్కువ లాగితే కరెంటు ఆపే రక్షణ మాత్రం ఉంటుంది. అడగకుండా తీసుకునే చవక ఫ్యాన్లూ, లైట్లూ బజారులో బోలెడు. ఈ ఏర్పాటు సగం సర్క్యూట్ మీద, సగం తయారీదారుల నిజాయితీ మీద నిలబడి ఉంది. అలా నిలబడే, ముప్పై ఏళ్లుగా వందల రకాల పరికరాల్ని ఒకే 5 వోల్టుల మీద నడిపింది. ట్యాబ్ నెమ్మదిగా ఎక్కుతుంటే తెర ఆర్పండి, కేబుల్ మార్చండి, 900 మిల్లీ ఆంపియర్లిచ్చే యూఎస్‌బీ 3 పోర్టు ఉంటే దానికి పెట్టండి. అప్పటికీ నెమ్మదే అయితే పోర్టుని తిట్టుకోవద్దు. 1996లో ఒప్పుకున్న వంతు అది నేటికీ తప్పకుండా ఇస్తోంది.