మంచుకు విరుగుడు, కణానికి విషం

ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిల్వ చేసే కణజాలానికి అసలు శత్రువు చలి కాదు, అక్కడికి చేరేలోపు ఏర్పడే మంచు; కణాల వెలుపలి నీరు ముందుగా గడ్డకట్టి, మిగిలిన ద్రవంలో లవణాలు చిక్కబడి కణాల్లోని నీటిని బయటికి లాగేస్తాయి, చల్లబరచడం మరీ వేగమైతే ఆ నీరు లోపలే స్ఫటికాలై పొరలను చీలుస్తుంది. ఈ రెండు హానులనూ తగ్గించడానికి ముందుగా కలిపే రసాయనాలే క్రయోప్రొటెక్టెంట్లు, అంటే శీతరక్షకాలు.

వీటిలో మొదట పేరొందిన గ్లిజరాల్ వెలుగులోకి వచ్చింది సీసాల తారుమారు వల్లనే: పండ్ల చక్కెర ద్రావణమనుకున్న సీసాలో గ్లిజరాల్ ఉండటంతో, 1949లో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు గడ్డకట్టించిన కోడి వీర్యకణాలను తిరిగి కదిలించగలిగారు. నేడు మన పల్లెల్లో పశువుల కృత్రిమ గర్భధారణకు గోపాలమిత్రలు తెచ్చే వీర్యపు స్ట్రాలలోనూ సాధారణంగా ఉండేది గ్లిజరాలే.

అయితే ద్రవంలో విడివిడిగా తేలే కణాలకు పనికొచ్చిన రక్షకం కణజాలపు ముక్కకూ పనికొస్తుందనుకోవడం తొందరపాటే. ముక్క మందం రెట్టింపైతే రసాయనం మధ్యకు చేరే సమయం దాదాపు నాలుగింతలవుతుంది, ఆలోగా పైవరుస కణాలు, ఎక్కువసేపు తాకితే విషమయ్యే ఆ రసాయనంలో నానుతూనే ఉంటాయి. అందుకే అండాశయపు పైపొరను సుమారు ఒక మిల్లీమీటరు మందం పలకలుగా కోస్తారు, గ్లిజరాల్ కంటే త్వరగా కణాల్లోకి చొరబడే డైమిథైల్ సల్ఫాక్సైడ్‌నో ఇథిలిన్ గ్లైకాల్‌నో ఎంచుకుంటారు. చల్లని ద్రావణంలో విషప్రభావం తగ్గుతుంది, కానీ చొరబాటూ మందగిస్తుంది కనుక ఏ పట్టికా ఒక్క సరైన ఉష్ణోగ్రతను చెప్పలేదు.

నీటిని మంచు కానివ్వకుండా గాజులా బిగింపజేసే విట్రిఫికేషన్‌లో ఈ చిక్కు మరింత ముదురుతుంది, ఎందుకంటే దానికి రక్షకం గాఢత చాలా ఎక్కువగా ఉండాలి. 1985లో రాల్, ఫాహీ అనే శాస్త్రవేత్తలు ఎలుక పిండాలను ఈ పద్ధతిలో బతికించిన తరువాత, అండాల నిల్వలో పదిహేను శాతం ఇథిలిన్ గ్లైకాల్, అంతే డైమిథైల్ సల్ఫాక్సైడ్, కణంలోకి చొరబడని సుక్రోజ్ కలిపిన మిశ్రమాలు వాడుకలోకి వచ్చాయి. ఏ ఒక్కటీ ప్రాణాంతకమైన మోతాదుకు చేరకుండా భారం పంచుకోవడమే ఇందులోని తెలివి. రక్షకాన్ని ఎంచుకునే చర్చల్లో తరచూ వెనకబడేది మాత్రం దాన్ని తీసేసే దశ: కరిగించిన కణజాలాన్ని నేరుగా మామూలు ద్రావణంలో ముంచితే, లోపల చిక్కుకున్న రసాయనం నీటిని లాక్కోవడంతో కణాలు ఉబ్బి పగిలిపోతాయి కనుక, సుక్రోజ్ గాఢత మెట్టుమెట్టుగా తగ్గే ద్రావణాలలో కణజాలాన్ని కడగవలసి వస్తుంది.