దయ్యాలకూ ఓ ఋతువు

ఆవకాయకు వేసవీ, రేగుపళ్ళకు సంక్రాంతీ వున్నట్టే దయ్యాల కథలకూ ఓ ఋతువు వుండాలని తెల్లవాళ్ళు ఎప్పుడో తీర్మానించేశారు. అది శరత్తు. అక్టోబరు వచ్చిందంటే చాలు, ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పుస్తకాల దుకాణాలవాళ్ళు ప్రేమకథలు లోపలికి జరిపేసి, పుర్రెలూ గబ్బిలాలూ పాడుబడ్డ మేడలూ వున్న అట్టలు ముందుకు సర్దుతారు. ఆ నెల 31 రాత్రి హాలోవీన్ కదా మరి!

వాళ్ళ శరత్తు వేరు, మన శరత్తు వేరు. వాళ్ళకి ఆకులు రాలిపోయి చెట్లన్నీ అస్థిపంజరాల్లా నిలబడతాయి. పొద్దు వాలుతూనే చీకటి, చలి, పొగమంచు. తలుపులు బిడాయించుకుని నెగడు ముందు కూర్చున్నవాడికి పక్కగదిలో చెక్క కిర్రుమన్నా కథే. మనకా? వానలు వెలిసి, చెరువునీళ్ళు తేటపడి, పిండారబోసినట్టు వెన్నెల కాసే కాలమిది. ఆ వెన్నెల్లో పాపం ఏ దయ్యమైనా బయటికొచ్చినా, ఎవరో తెల్లచీర ఆరేసి మర్చిపోయారనుకుంటాం. మన దయ్యాలకు చేతినిండా పని వుండేది ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కింద.

అయినా ఒక్క సంగతి చూడండి. హాలోవీన్‌కు మూలమని చెప్పే కెల్టుల పాతపండగ నాడు పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొస్తారని నమ్మకం. మనకు భాద్రపద బహుళమంతా మహాలయ పక్షం. పోయినవాళ్ళు వస్తారనే మనమూ అనుకుంటాం. తేడా అల్లా మర్యాదలో వుంది. వాళ్ళు భయపడి గుమ్మంలో దీపం పెట్టారు, మనం విస్తరి వేసి పిండం పెట్టి, నువ్వులూ నీళ్ళూ వదిలి సాగనంపాం. కడుపునిండిన పితృదేవతలు ఎవరి గొంతూ పిసకరు. అందుకే కాబోలు, శ్మశానంలో శవాన్ని భుజానేసుకుని నడిచే విక్రమార్కుడి కథలు చందమామలో చదువుతూ పెరిగిన మనకి బేతాళుడంటే భయం పట్టుకోలేదు. వాడు చిక్కుప్రశ్నలేసే లెక్కల మేష్టారులా వుంటాడు. అసలు ఆ కథలకు పుట్టిల్లని చెప్పే బృహత్కథని గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాశాడనీ, శాతవాహనరాజు కాదు పొమ్మంటే చాలాభాగం మంటల్లో వేశాడనీ ఒక కథ వుంది. పిశాచాల భాషలో పుస్తకం రాయించుకున్న జాతికి దయ్యాల కథలు ఒకళ్ళు నేర్పాలా?

నేర్పక్కర్లేదు. కానీ ఏది చదవాలో ఎంచుకోవటం మటుకు నేర్చుకోవలసిందే. సెలవులొస్తున్నాయి, పిల్లలు “భయమేసే పుస్తకం కావాలి” అంటారు. అట్టమీద రక్తం ఎంత కారుతోందో చూసి కొనటం, వంకాయల్ని బరువు చూసి కొనటం లాంటిది. లోపల పురుగుందో లేదో చూడాలి.

శరత్కాలపు కథలన్నిటికీ పెద్దన్నయ్య వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో రాసిన ‘లెజెండ్ ఆఫ్ స్లీపీ హాలో’. హడ్సన్ నది పక్కన ఓ మత్తు కమ్మిన లోయ. అక్కడొక బడిపంతులు, ఇకబాడ్ క్రేన్. జీతం బెత్తెడు, ఆకలి బారెడు. శిష్యుల ఇళ్ళల్లో వారానికో ఇంట చొప్పున మకాం. అంటే మనభాషలో వారాలు చేసుకుంటున్నాడన్నమాట. పచ్చికలో తిరిగే పందిపిల్ల కనబడితే ఈయన కంటికది వండి వడ్డించినట్టే కనిపిస్తుంది. ఊళ్ళో డబ్బున్న రైతు కూతుర్ని పెళ్ళాడితే ఈ వంటలన్నీ సొంతమవుతాయని ఆశ. కోతల కాలం విందు ఒకటి జరుగుతుంది. అక్కడ బల్లమీద పెట్టిన పదార్థాల్ని ఇర్వింగ్ వర్ణించిన తీరు చదివితే, దయ్యం రాకముందే మనకి నీరసమొస్తుంది.

అర్ధరాత్రి ఇంటిదారి పట్టిన పంతులుకి తలలేని గుర్రపురౌతు ఎదురవుతాడు, వెంట తరుముతాడు, జీనుమీద పెట్టుకున్న తలకాయ తీసి గిరాటేస్తాడు. తెల్లారి వెదికినవాళ్ళకి పంతులు టోపీ, పక్కనే పగిలిన గుమ్మడికాయ దొరుకుతాయి, పంతులు దొరకడు. ఆ పిల్లని పెళ్ళాడిన మొనగాడు తరువాత ఎప్పుడు గుమ్మడికాయ మాటొచ్చినా పగలబడి నవ్వుతాడట. ఇంకేం చెప్పాలి? అయితే ఊళ్ళో ముసలమ్మలు మాత్రం దయ్యమే ఎత్తుకెళ్ళిందంటారు. రచయిత ఎవర్నీ కాదనడు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది గుర్రం కాదు, గుమ్మడికాయా కాదు. పంతులు చేతిలో వున్న పుస్తకం. బడి వదిలాక పచ్చికలో పడుకుని, చీకటిపడి అక్షరాలు కనిపించనంతవరకూ ఆయన చదివేది న్యూ ఇంగ్లండు మంత్రగత్తెల మీద కాటన్ మేథర్ అనే మతబోధకుడి పుస్తకం. చదివింది చదివినట్టు నమ్ముతాడు. ఇంటికెళ్ళేటప్పుడు మిణుగురు పురుగు మెరిసినా గుండె జారిపోతుంది. అంటే తలలేని రౌతు దారిలో దొరకలేదు, పంతులే పుస్తకంలోంచి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన మాయమయ్యాక, బసిచ్చిన రైతు ఆ పుస్తకాల్ని పొయ్యిలో పెట్టి, ఇక నా పిల్లల్ని బడికే పంపనని నిర్ణయించుకుంటాడు!

ఇర్వింగ్ నవ్విస్తూ రాశాడు కానీ, ఆ మేథర్ నిజంగా వున్నమనిషి. బోస్టన్‌లో పిల్లల్ని మంత్రగత్తె పీడించిందంటూ 1689లో ఆయన వేసిన పుస్తకం అప్పట్లో బాగా ప్రచారమైంది. మూడేళ్ళు తిరిగేసరికి, 1692లో, దగ్గర్లోనే సేలంలో కొందరు ఆడపిల్లలు అలాగే వంకర్లు తిరిగిపోయారు, పేర్లు చెప్పారు, విచారణలు జరిగాయి. పంతొమ్మిదిమందిని ఉరి తీశారు. ఇంకో ముసలాయన్ని గుండెలమీద బండలు పేర్చి చంపారు. పుస్తకమొక్కటే కారణమని అనను. భూముల తగాదాలున్నాయి, పాతకక్షలున్నాయి, భయాలున్నాయి. అయితే పిల్లకి జబ్బుచేస్తే పక్కింటావిడవంక చూడాలన్న దారి మటుకు అచ్చులో సిద్ధంగా వుంది.

ఇక్కడే నేను పుస్తకాల విషయంలో కొంచెం చాదస్తుణ్ణవుతాను. 1980ల మొదట్లో మన వారపత్రికల్లో చేతబడుల నవలలు వెల్లువెత్తాయి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కోసం వారంవారం ఎదురుచూసిన పాఠకులు ఎందరో! పట్టు విడవకుండా చెప్పటంలో ఆయన నేర్పుని కాదనేవాడు కథ చెప్పటమంటే ఏమిటో తెలీనివాడు. కానీ ఓ పసిపిల్ల మీద చేతబడి జరిగిందన్న కథ, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిచంపే దేశంలో అచ్చవుతోంది. మెదక్ వైపు బాణామతి పేరుచెప్పి ఎందరు బీదవాళ్ళ పళ్ళూడగొట్టారో, ఎందరి ప్రాణాలు తీశారో అదే కాలపు దినపత్రికలు చెబుతాయి. ఈ మధ్యకూడా అలాంటి వార్తలు ఆగిపోలేదు. లండన్‌లో నెగడు ముందు కూర్చుని మంత్రగత్తె కథ చదివినవాడు పుస్తకం మూసి నిద్రపోతాడు. ఇక్కడ పుస్తకం మూసినవాడి కళ్ళకి ఊరిచివర ఒంటరిగా వుండే ముసలమ్మ కనబడే ప్రమాదముంది. ఆ రోజుల్లో క్షుద్రసాహిత్యమంటూ విమర్శకులు కేకలేస్తే, గిట్టనితనమని చాలామంది కొట్టిపారేశారు. కొందరికి గిట్టనితనం వుండే వుంటుంది. ప్రశ్న మాత్రం ప్రశ్నే.

కాబట్టి దయ్యాలు వద్దనటంలేదు నేను. బతికున్న మనిషి మీదికి వేలు చూపించని దయ్యాన్ని ఎంచుకోమంటున్నాను.

అలాంటివాటికి కొదవలేదు. ఎం. ఆర్. జేమ్స్ వున్నాడు, కేంబ్రిడ్జిలో పాతరాతప్రతుల పండితుడు. క్రిస్మస్ రాత్రుళ్ళు మిత్రుల్ని కూర్చోబెట్టి దీపం తగ్గించి కథ చదివేవాడట. 1904లో అచ్చయిన ఆయన మొదటి సంపుటిలో ఒక ఈల కథ వుంది. దయ్యాలు లేవని బల్లగుద్దే ప్రొఫెసరు సముద్రతీరానికి సెలవుకొస్తాడు. హోటలు గదిలో రెండు మంచాలు, మనిషి ఒక్కడే. శిథిలాల్లో దొరికిన పాత ఈల ఊదుతాడు. అంతే. మర్నాడు పనిమనిషి వచ్చి, “రెండు మంచాలమీదా పడుకున్నట్టున్నారే, ఏది సర్దమంటారు?” అన్న ధోరణిలో అడుగుతుంది. ఆ ప్రశ్నకన్నా భయంకరమైన వాక్యం ఏ రక్తపుబొట్టు నవల్లోనూ నేను చదవలేదు. చివరికి లేచి నిలబడేది ఉత్త పక్కదుప్పటి. ఆ రాత్రి మీరు దుప్పటి కప్పుకోగలిగితే మీ గుండె గట్టిదే.

బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ (1897) అంతా డైరీలూ ఉత్తరాలే. మే 3న మొదలై నవంబరు మొదటివారంలో కథ ముగుస్తుంది. అసలు ఘోరాలన్నీ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. డైరీ తేదీ ఏదైతే అదేరోజు ఆ పేజీ చదివితే సరదాగా వుంటుంది. మధ్యలో కాస్త సాగదీశాడు. ఆ ప్రొఫెసరుగారి ఉపన్యాసాలు దాటేసినా పాపం లేదు.

హెన్రీ జేమ్స్ ‘టర్న్ ఆఫ్ ది స్క్రూ’ గొప్పదే. దయ్యాలున్నాయా, పిల్లల్ని చూసుకునే ఆ టీచరమ్మ మనసులోనే వున్నాయా అని పండితులింకా తగువులాడుకుంటున్నారు. కానీ ఆయన వాక్యం మొదట్లో బయల్దేరినవాడు క్రియాపదం చేరేసరికి భోజనాలవేళ అవుతుంది. ఓపికున్నవాళ్ళకి. షర్లీ జాక్సన్ ‘హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ (1959) మాత్రం తప్పక చదవండి. నడివేసవిలో జరిగే కథ అది, శరత్తులో బాగా పనిచేస్తుంది. చీకట్లో భయపడి పక్కమంచం స్నేహితురాలి చెయ్యి పట్టుకున్న ఒక అమ్మాయి, దీపం వెలిగాక ఆవిడ గదిలో అటువైపు వుండటం చూస్తుంది. మరి యింతసేపూ పట్టుకున్నది? రచయిత్రి చెప్పదు. రక్తపాతంతో భయపెట్టదు. దిక్కులేని ఒంటరితనం మాత్రం వుంది.

పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకైతే రే బ్రాడ్‌బరీ ‘సమ్‌థింగ్ వికెడ్ దిస్ వే కమ్స్’. అక్టోబరులో ఊరికో తిరనాళ్ళ సంబరంలాంటిది వస్తుంది. అందులో రంగులరాట్నం ఎక్కి ముందుకు తిరిగితే వయసు పెరుగుతుంది, వెనక్కి తిరిగితే తగ్గుతుంది. ఎప్పుడు పెద్దవాళ్ళమవుదామా అని పిల్లలకి, ఎప్పుడు చిన్నవాళ్ళమవుదామా అని తండ్రికి. భాష కవిత్వం పాలు ఎక్కువై అక్కడక్కడ గొంతుకడ్డం పడుతుంది. తండ్రీకొడుకులు కలిసి చదువుకోదగింది.

ఇవన్నీ పరాయి చలిలో పుట్టిన దయ్యాలు కదా, మన శరత్తుకి ఒక్కటీ లేదా అంటారేమో. వుంది. రవీంద్రుడి ‘క్షుధిత పాషాణ్’, 1895 నాటిది. ఆకలిగొన్న రాళ్ళు. పూజల సెలవుల్లో ఊళ్ళు తిరిగి కలకత్తాకి మళ్ళిన ఇద్దరు చుట్టాలు. అంటే మనకు దసరా రోజులన్నమాట. రైల్లో ఒక వింతమనిషి తగులుతాడు. జంక్షన్‌లో బండి ఆలస్యం. వెయిటింగ్ రూములో ఆయన కథ మొదలుపెడతాడు.

ఆయన ఎవరనుకున్నారు? నైజాం సర్కారు ఉద్యోగి! పత్తి మీద సుంకం వసూలు చేయటానికి బరీచ్ అనేచోటికి వేస్తారు. నది ఒడ్డున రెండున్నర శతాబ్దాల నాటి షాహీ మహలు ఒంటరిగా వుంటుంది. రాత్రిపూట అక్కడ వుండొద్దని ఆఫీసులో ముసలి గుమాస్తా చెబుతాడు. ఈయన నవ్వేసి మకాం పెడతాడు. తరువాత సాయంత్రాలు మెట్లమీద కనబడని అమ్మాయిలు స్నానానికి పరుగెత్తే అలికిడి, అత్తరు వాసన, పట్టుబట్టల రెపరెప. పగలల్లా కోటూ లాగూ తొడుక్కుని పత్తిబేళ్ళు లెక్కపెట్టే మనిషి, పొద్దువాలితే ఆ బట్టలు విప్పిపారేసి పాతకాలపు నవాబులా అలంకరించుకుంటాడు. తెల్లవారేసరికి మెహర్ అలీ అనే పిచ్చివాడు మహలు చుట్టూ తిరుగుతూ, దూరం పొండి, అంతా అబద్ధమని కేకలు పెడతాడు. ఆ మహల్లో చిక్కుకుని ప్రాణంతో బయటపడ్డవాడు అతనొక్కడే. అబద్ధమని అరుస్తూనే, వదిలిపోలేక అక్కడే తిరుగుతుంటాడు. ఇంతకన్నా జాలికొలిపే దయ్యాన్ని నేనెరగను, అతను బతికున్న మనిషయినా సరే.

పదిహేడేళ్ళ వయసులో రవీంద్రుడు అహమ్మదాబాదులో జడ్జిగా వున్న అన్నగారి దగ్గర, మొగలాయిల నాటి షాహీబాగ్ మహల్లో కొన్నాళ్ళున్నాడు. ఆ రాళ్ళే ఈ రాళ్ళు. ఇందులో ఎవరూ ఎవరి మీదా చేతబడి చెయ్యలేదు. ఏనాడో తీరక మిగిలిపోయిన కోరికలు గోడల్లో ఇంకి, కొత్తగా వచ్చినవాణ్ణి తినటం మొదలుపెట్టాయి, అంతే.

ఇహ ఆ మహల్లో ఎవరుండేవారో, ఆ అమ్మాయి కథేమిటో ఆయన చెప్పబోతుండగా బండి వచ్చేస్తుంది. మొదటితరగతిలోంచి ఎవరో దొర తల బయటపెట్టి పిలిస్తే, ఆ పెద్దమనిషి ఎక్కి వెళ్ళిపోతాడు. కథ అక్కడికి సరి. విన్న చుట్టాలిద్దరిలో ఒకడు అంతా కోతలంటాడు. రెండోవాడు దివ్యజ్ఞాన సమాజం బాపతు, ఒప్పుకోడు. దాంతో యిద్దరికీ జన్మలో మాటల్లేకుండా పోతాయి. ఈ దసరాకి రైల్లో ఈ కథ పట్టుకెళ్ళేవాళ్ళకి నాదొక్కటే విన్నపం: చదివాక దాన్ని పక్కసీట్లో వున్న బావమరిది చేతికివ్వకండి.