జస్ట్ క్యూరియస్

ఒక స్నేహితురాలు తన కొత్త కథ డ్రాఫ్ట్ పంపింది, పత్రికకి పంపేముందు ఓసారి చూడమని. కథలో తల్లీ కూతుళ్లు. తండ్రి వదిలేసి వెళ్లి ఆరేళ్లు. ఓ రాత్రి అన్నం తింటూ కూతురు అడుగుతుంది: "జస్ట్ క్యూరియస్ అమ్మా, నాన్న ఎప్పుడైనా ఫోన్ చేశాడా?"

ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, "తెలుగులో రాయొచ్చుగా?" అని కామెంట్ పెట్టాను. "ఏం రాయమంటావ్?" అని జవాబొచ్చింది.

నిజమే, ఏం రాయాలి? జిజ్ఞాస బ్రహ్మసూత్రాల మొదటి సూత్రంలోనే ఉన్న మాట. అన్నం కంచం ముందు అంత బరువు నిలవదు. ఉత్సుకతలో ఎదురుచూపు ఉంది, కుతూహలంలో హుషారు ఉంది. ఆరా, కూపీ అంటే పోలీసు వాసన. పోనీ "కొంచెం ఆసక్తిగా ఉందమ్మా" అందామా అంటే డబ్బింగ్ సినిమా అయిపోతుంది.

కాసేపటికి అర్థమైంది, నేను వెతుకుతున్న చోటే తప్పని. ఇలాంటి చిన్న కుతూహలానికి మనం పేరు పెట్టం. వాక్యం మొదట్లో ఓ చిన్న మాట వేస్తాం, అంతే. "ఇంతకీ" అంటే ఆ సంగతి లోపల ఎప్పట్నుంచో నలుగుతోందని. "అన్నట్టు" అంటే ఇప్పుడే గుర్తొచ్చినట్టు, చాలాసార్లు నటన. "ఊరికే అడుగుతున్నా" అంటే కారణం లేదని చెప్పుకోవడం.

మరి "ఊరికే" సరిపోదా? పెట్టి చూశాను. సరిపోలేదు. కూతురు "ఊరికే" అంటే తల్లి వెంటనే "ఊరికే ఎందుకడుగుతావే?" అని పట్టుకోగలదు. ఆ మాట తల్లిది కూడా. "జస్ట్ క్యూరియస్" తల్లిది కాదు, కూతురి ఆఫీసుది. దాన్ని పట్టుకుని నిలదీయడానికి తల్లి దగ్గర మాట లేదు. కూతురికి కావలసిందీ అదే. అడగాలి, అడిగినట్టు ఉండకూడదు. ఎర్రగీత తీసేశాను.

ఇది కొత్తేమీ కాదు. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం ఇంగ్లీషు వెంకటేశం ముందు వేసుకున్న కోటు. పాత్ర ఇంగ్లీషు మాట్లాడిందా లేదా అన్నది కాదు, ఆ మాటతో ఏం కప్పుకుంటోందన్నది చూడాలి.

అయితే రెండు పేజీల తర్వాత కథకురాలే, "పక్కింటావిడకి మైల్డ్ క్యూరియాసిటీ కలిగింది" అని రాసింది. అక్కడ మాత్రం ఎర్రగీత ఉంచాను. కథకురాలికి దాచుకునేదేం లేదు. పక్కింటావిడ బెండకాయలు ఏరుతూనే మెడ ఇటు తిప్పిందంటే సరిపోతుంది. అక్కడ ఇంగ్లీషు పాత్రని చూపించట్లేదు, చూడాల్సిన శ్రమని తప్పిస్తోంది. సమీక్షల్లో మనం రాసే "క్యూరియస్‌గా అనిపించింది" కూడా ఇలాంటిదే. నచ్చిందో లేదో చెప్పకుండా దాటేయడం. నేనూ రాశాను.

ఆ మాట నాకింత బాగా తెలియడానికి వేరే కారణం ఉంది. కోడ్ రివ్యూల్లో రోజూ వాడతాను. "జస్ట్ క్యూరియస్, ఇలా ఎందుకు రాశావ్?" అంటే "ఇది తప్పు" అని అర్థం. ఎదుటివాడికీ తెలుసు. పోయినేడాది అమ్మకి స్కాన్ తీయించినప్పుడు కూడా అలాగే మెసేజ్ పెట్టాను: "జస్ట్ క్యూరియస్, రిపోర్ట్ వచ్చిందా?" అమ్మ బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంది. రిపోర్టులో కంగారు పడాల్సిందేం లేదని రెండ్రోజుల తర్వాత చెల్లి చెప్పింది. ఇంకోటి కూడా చెప్పింది. "వాడు భయపడి అడిగాడా, ఊరికే అడిగాడా?" అని అమ్మ తనని అడిగిందట.

క్యూరియస్ అన్న మాట మూలం లాటిన్‌లో ‘కూరా’. అంటే పట్టింపు, శ్రద్ధ. ముందు "జస్ట్" తగిలించి ఆ పట్టింపుని గీకేస్తాం. నా మెసేజ్ చేసిందదే.

కథలో తల్లి "లేదు" అని చెప్పి మజ్జిగ పోసుకుంటుంది. ఆ జవాబు మరీ తొందరగా వచ్చిందని స్నేహితురాలికి రాశాను. కూతురు ఏ ఇంగ్లీషులో దాక్కున్నా, తల్లికి గొంతు తెలుస్తుంది. ఆ ఒక్క క్షణం ఆగడం కథలో ఉంటే బాగుంటుంది.