తిరుగు లాంచీ నుంచి మొదలుపెట్టాలి

నాగార్జునకొండ దీవి మీద అమ్మ గంటన్నర సేపు ఉంది. మ్యూజియం మెట్టు మాత్రం ఎక్కలేదు.

ఇరవై ఏళ్ళ పైమాట. పెదనందిపాడు పక్క మా ఊరి నుంచి పదకొండు మందిమి టెంపో మాట్లాడుకుని చీకటితోనే బయల్దేరాం. నాలుగు క్యారియర్లు, రెండు నీళ్ళ క్యాన్లు, విస్తరాకుల కట్ట, జంతికల డబ్బా. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి దీవిలో దిగాక అమ్మ చెట్టు నీడ చూసుకుని విస్తళ్ళు వేసింది. వడ్డించింది. మారు వడ్డించింది. పిల్లల చేతులు కడిగింది. మేమంతా మ్యూజియం వైపు పరిగెడుతుంటే, "నువ్వూ రా అమ్మా" అన్నాను. "సామాన్ల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి గదే. మీరు చూసి రండి, నేను కూర్చుంటాలే" అంది. మేం తిరిగొచ్చేసరికి లాంచీవాళ్ళు కేకలేస్తున్నారు. అమ్మ క్యారియర్లు సర్దేసి సిద్ధంగా నిలబడి ఉంది. అప్పటికి ఆవిడ ఇంకా తినలేదు. గిన్నె అడుగున మిగిలిన పెరుగన్నం తిరుగు లాంచీలో తింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నీళ్ళ మీది ప్రయాణం ఏది పెట్టుకున్నా కాగితం నేనే రాస్తున్నాను. ఎప్పుడేం తినాలి, పడవలో ఏం చెయ్యాలి, ఒడ్డున ఎక్కడెక్కడికి వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళకూడదు. వంటలాగా ఇదీ చేతికి రావలసిన పనే. నాకు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మొదట నేర్చుకున్నది, కాగితాన్ని కింది నుంచి పైకి రాయాలని. పొద్దున ఆరింటికి టిఫిను అని మొదలుపెడితే సాయంత్రానికి అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. తిరుగు లాంచీ ఎన్నింటికో ముందు రాసుకోవాలి. దానికి అరగంట ముందు రేవులో ఉండాలి. మ్యూజియం నుంచి రేవుకు నడిచి రావడానికి కుర్రవాళ్ళకు పట్టే సమయం కాదు, మేనత్త మోకాళ్ళకు పట్టే సమయం వెయ్యాలి. అలా వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే దీవి మీద మనకు నిజంగా ఎంతసేపు ఉందో తేలుతుంది. ఒక్కోసారి అది యాభై నిమిషాలే. యాభై నిమిషాల్లో భోజనమూ మ్యూజియమూ రెండూ పట్టవు. ఒకదాన్ని ఒడ్డున వదలాల్సిందే.

సముద్రంలో వెళ్ళే పెద్ద ఓడలకూ ఇదే లెక్క. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు ఓడ విహారాలు మొదలయ్యాయి. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో ప్రత్యేకంగా క్రూజ్ టెర్మినల్ కూడా తెరిచారు. అప్పటి నుంచి మా బంధువుల్లో ఒకరిద్దరు నన్ను అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకు చెప్పే మొదటి మాట ఒక్కటే. ఓడ బయల్దేరే సమయం చూసుకోవద్దు, తిరిగి ఎక్కాల్సిన ఆఖరి సమయం వేరే ఉంటుంది, అది చూసుకోండి. సొంతంగా ఆటో మాట్లాడుకుని ఊళ్ళోకి వెళ్ళినవాళ్ళ కోసం ఓడ ఆగదు. అక్కడ తిండి టికెట్టులోనే కలిసి ఉంటుంది కాబట్టి పొద్దుననుంచి రాత్రిదాకా తింటూనే ఉంటారు, ఓడ ఊగితే ఆ సాయంత్రం మంచం దిగలేరు. ఖాళీ కడుపూ పనికిరాదు, నిండు కడుపూ పనికిరాదు. రెండు ఇడ్లీలు, నోట్లో అల్లం ముక్క. అంతే.

నా ఇష్టం మాత్రం కృష్ణే. మన చేలు ఆ నీళ్ళతో పండినవి కాబట్టి.

అసలు చిక్కు ఎక్కడుందంటే, మనకు ఖాళీ దొరికే రోజులూ కృష్ణమ్మ నిండే రోజులూ కలవవు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలు, కల్లాలు. టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాక, మే నెలలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక గాని మా ఇళ్ళలో మనిషి నడుం వాల్చడు. పిల్లలకు బడి సెలవులూ అప్పుడే. కానీ మే నెలలో నాగార్జునసాగర్‌లో నీరు అడుక్కి పోయి ఉంటుంది. దారిలో రెంటచింతల, రాష్ట్రంలో ఎండకు పేరుపడ్డ ఊరు. ఆ నెలలో ముసలివాళ్ళనీ పసిపిల్లలనీ రాతి మీదికి తీసుకుపోవడం పాపం. పై నుంచి వరద వచ్చి శ్రీశైలం గేట్లు ఎత్తేది ఆగస్టు, సెప్టెంబరుల్లో. అప్పుడు మన చేలో మిరప నాట్లు. కార్తికం వచ్చేసరికి పత్తి తీతలు మొదలవుతాయి. అందుకే మా కాగితంలో తేదీ ఎప్పుడూ దసరాకూ కార్తికానికీ మధ్య పడుతుంది. నాట్లు కుదురుకుని ఉంటాయి, తీతలు ఇంకా జోరందుకోవు, సాగర్ నిండుగా ఉంటుంది. ఆ పది పదిహేను రోజులే మనవి. వాటిలో శుక్రవారాలు కొట్టెయ్యండి, మ్యూజియానికి సెలవు. లాంచీ వేళలు నీటిని బట్టీ జనాన్ని బట్టీ మారుతుంటాయి, ముందురోజే కనుక్కోండి.

ఇక తిండి. దీవికి క్యారియర్ రాకూడదు. ఇది నేను ఎవరు బతిమాలినా సడలించని నియమం. క్యారియర్ వస్తే కాపలా మనిషి కావాలి, ఆ కాపలా మనిషి ఎప్పుడూ ఇంటి ఇల్లాలే అవుతుంది. ముందురోజు సాయంత్రానికే విజయపురి సౌత్ చేరి రాత్రి అక్కడే పడుకోవాలి. పొద్దున ఇడ్లీ తిని మొదటి లాంచీ ఎక్కాలి. చేతిలో నీళ్ళ సీసా, జేబులో చేగోడీలు, అంతకుమించి వద్దు. మధ్యాహ్నం ఒడ్డుకు తిరిగొచ్చాకే భోజనం. అదీ పొట్లాలుగా, ఎవరి పొట్లం వాళ్ళకు. పులిహోర పులుసు ఇంటి దగ్గరే ఉడికించి సీసాలో తెచ్చుకుంటే ఆ పూట అన్నం వండించుకుని కలుపుకోవడమే. పెరుగన్నంలో పెరుగు ఎక్కువ వేస్తే ఎండకు పులిసిపోతుంది. అన్నంలో పాలు పోసి చెంచాడు పెరుగు కలిపితే తినేవేళకు తోడుకుని కమ్మగా ఉంటుంది. గోంగూర పచ్చడి లేనిదే మావాళ్ళకు ముద్ద దిగదు, అది సరే. కారప్పొడి డబ్బా మాత్రం లాంచీలో మూత తియ్యనివ్వను. ఒకసారి గాలికి లేచి మా అక్క కొడుకు కళ్ళలో పడింది. నది మధ్యలో వాడి ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

పెద్దవాళ్ళ మాత్రలు భోజనం వేళను నిర్ణయిస్తాయి, మన ఆకలి కాదు. షుగరు మాత్ర వేసుకున్న మనిషిని "ఇంకో అరగంట" అంటూ నిలబెట్టకూడదు. మూత్రం ఎక్కువ వచ్చే బీపీ మాత్ర వాడేవారుంటే ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో డాక్టరునే ముందు అడగాలి. లాంచీ ఎక్కే ముందు బాత్రూముకు వెళ్ళడానికంటూ పావుగంట కాగితంలో రాసే ఉంచాలి. ఇలాంటివి రాయడానికి సిగ్గుపడితే మా మేనత్తలాంటివాళ్ళు రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చుంటారు.

లాంచీలో గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. పిల్లలకు ఏం పెట్టి కాలక్షేపం చేయించాలని అడుగుతారు. అంత్యాక్షరి ఉండనే ఉంది. కానీ చెప్పవలసిన కథ పడవ కిందే ఉంది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురి ఆ నీళ్ళ అడుగునే ఉందని, 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికే పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వుతున్నారని, 1954 నుంచి 1960 దాకా నీళ్ళతో పందెం వేసినట్టు తవ్వి కొన్ని కట్టడాలను రాయి రాయిగా పైకి చేర్చి మళ్ళీ పేర్చారని చెప్పండి. ఆ తరవాత ఇంకో మాట చెప్పండి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ కింద గుంటూరు, ప్రకాశం నేలల్లో పదకొండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. ఒక నగరం మునిగితే మన మెట్ట తడిసింది. మా మేనల్లుడి కూతురు, ఎనిమిదేళ్ళది, ఈ మాట విని లాంచీ అంచు పట్టుకుని చాలాసేపు నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది. ఇంకే ఆటా అడగలేదు.

ఒడ్డున చూడవలసినవి మూడున్నాయి. దీవి, అనుపు, ఎత్తిపోతల జలపాతం. ఒక్కరోజులో మూడూ చూపిస్తామనేవాళ్ళ మాట నేను వినను. అనుపులో తిరిగి పేర్చిన విహారం, ప్రేక్షకుల మెట్ల వరసలున్న రంగస్థలం ఆరుబయట ఉన్నాయి. మధ్యాహ్నం ఆ రాయి కాళ్ళు కాలుస్తుంది, నాలుగు దాటాకే వెళ్ళాలి. అనుపులో నిదానంగా కూర్చుంటే ఎత్తిపోతలకు పొద్దు చాలదు. చాలకపోతే పోనివ్వండి. ఎత్తిపోతలగా దూకే చంద్రవంక ఎక్కడికీ పోదు, మర్నాడు మాచర్ల దారిలో ఎటూ తగులుతుంది.

వీటన్నిటికంటే పైన, కాగితం నెత్తిన నేను రాసే మాట ఒకటుంది. ఎందుకు రాస్తానో ఒంగోలువాళ్ళకు చెప్పనక్కర్లేదు. 2017 నవంబరు 12, కార్తికమాసపు ఆదివారం. కృష్ణా గోదావరుల పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవైమందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా కలిసి వెళ్ళినవాళ్ళే. ఆ పడవకు అనుమతి లేదు, పరిమితికి మించి ఎక్కించారు, ఒంటి మీద లైఫ్ జాకెట్లు లేవు. రెండేళ్ళు తిరగకుండానే, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్తున్న పడవ మునిగింది. డెబ్బైమందికి పైగా ఎక్కిన ఆ పడవ నుంచి 26 మందే బతికి బయటపడ్డారు. అప్పుడు నది వరద మీద ఉంది. వాళ్ళూ మనలాగే పులిహోర కట్టుకుని, పిల్లల్ని ముస్తాబు చేసుకుని బయల్దేరి ఉంటారు. ఎక్కేముందు ఒక్క మనిషి గట్టిగా "ఆగండి" అనగలిగి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. అందుకే మా గుంపులో ఆ మాట అనే మనిషిని ముందే పేరు పెట్టి రాస్తాను. ఆ మనిషి వద్దంటే ఎందుకని అడగకూడదు, టికెట్టు డబ్బులు పోయినా సరే.

మొన్నటి ఏడు అమ్మను మళ్ళీ తీసుకెళ్ళాను. ఇప్పుడావిడకు డెబ్బై ఆరు. చేతిలో సంచీ కూడా లేకుండా దీవి మీద దిగింది. రేవు నుంచి మ్యూజియం దాకా రెండుచోట్ల కూర్చుని లేచింది, అందుకు ఇరవై నిమిషాలు ముందే వేసి ఉంచాం. లోపల శాసనాల దగ్గర ఆగి వాటిలో ఏముందని అడిగింది. దానాలు చేసినవాళ్ళ పేర్లని చెప్పాను. మహాచైత్యానికి దానం చేసిన చాంతిసిరి గురించి, ఇక్ష్వాకు రాజుగారి తోబుట్టువని, ఉపాసిక బోధిసిరి గురించి చెప్పాను. "అయితే అన్నీ ఆడవాళ్ళే కట్టించారా?" అంది. చాలావరకు వాళ్ళు కట్టించినవేనన్నాను. ఇంకో అరగంట అక్కడే తిరిగింది. ఎవరికీ వడ్డించే పని లేదు, ఎవరూ పిలవలేదు.

కార్తికం వస్తోంది. వనభోజనాలకు, నదీస్నానాలకు మళ్ళీ అందరం బయల్దేరతాం. మీ కాగితంలో నా మాటగా ఒక్కటి రాసుకోండి. పడవలో కాలు పెట్టేముందు ప్రతి మనిషికీ ఒక జాకెట్ ఉందో లేదో లెక్కపెట్టండి, పిల్లలకు పిల్లల సైజువే అడగండి. లేవంటే పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి వచ్చెయ్యండి. పొట్లాలు ఒడ్డున కూర్చుని విప్పుకోవచ్చు.