ఒకే మాతృక, రెండు ప్రతులు

మెత్తటి అగార్ పోసిన రెండు గాజుగొట్టాలు తీసుకుని, సూదితో ఒకదానిలో సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్‌ను, రెండోదానిలో సాల్మొనెల్లా గాలినేరంను పొడిచి రాత్రంతా వెచ్చగా ఉంచుతారు. తెల్లారేసరికి మొదటి గొట్టమంతా మబ్బు పట్టినట్టుంటుంది. రెండోదానిలో సూది దిగిన గీత వెంట తప్ప ఎక్కడా ఏమీ పెరగదు. గాలినేరం కదల్లేదు, దానికి ఈదే తోకలు, అంటే కశాభాలు లేవు. (పేరులో నేరం వినిపిస్తుంది గాని, లాటిన్‌లో ‘కోళ్లది’ అనే అర్థం.) షెడ్డులోకి వచ్చేసరికి ఈ కదల్లేనిదే టైఫాయిడ్‌తో మందను ఊడ్చేస్తుంది. ఎంటెరిటిడిస్ సోకిన పెట్ట మాత్రం మామూలుగా మేస్తూ గుడ్లు పెడుతుంటుంది. విరేచనాలు పట్టుకునేది ఆ గుడ్డు సరిగా ఉడక్కుండా తిన్న మనిషికి.

2008లో థామ్సన్ బృందం రెండింటి జన్యుక్రమాలనూ పక్కపక్కన పెట్టి చదివింది. ఎంటెరిటిడిస్ వంటి మూలం నుంచే గాలినేరం ఈమధ్య విడిపోయిందని తేల్చింది. పాడైన జన్యువులు మొదటిదానిలో వందకు పైగా, రెండోదానిలో మూడొందలకు పైగా ఉన్నాయి. తాళపత్రాల పరిష్కర్త అయితే ఇలాంటి ప్రతిని శిథిలమని పక్కన పెట్టేస్తాడు. ఇక్కడ మాత్రం ఆ తీర్పు చెల్లదు.

ఎందుకంటే ప్రక్షిప్తాలు రెండింటిలోనూ భద్రంగా ఉన్నాయి. ఎప్పుడో వేరే సూక్ష్మజీవుల నుంచి వచ్చి చేరిన ఆ జన్యుగుత్తులను వ్యాధిజనక ద్వీపాలంటారు. మొదటి ద్వీపం పేగు కణాల్లోకి చొరబడటానికి పనికొస్తుంది, హిల్‌ఎ అనే ప్రోటీన్ దాన్ని మేల్కొలుపుతుంది. రెండోది మాక్రోఫేజ్ అనే రక్షక కణం మింగాక లోపల బతకడానికి. అక్కడి పులుపును, మెగ్నీషియం కొరతను ఫోపి-ఫోక్యు ప్రోటీన్ల జంట పసిగడుతుంది, ఎస్‌ఎస్‌ఆర్‌బి రెండో ద్వీపాన్ని తెరుస్తుంది. అందాకా ఈ పరాయి జన్యువుల నోరు నొక్కి ఉంచే ప్రోటీన్ హెచ్-ఎన్‌ఎస్. వేళ కాని వేళ అవి నోరు తెరిస్తే బ్యాక్టీరియాకే చేటు.

ఎంటెరిటిడిస్ పేగులో రచ్చ చేసే రకం. కశాభపు ప్రోటీన్‌ను కోడి కణాలు టిఎల్‌ఆర్5 అనే గ్రాహకంతో పట్టేస్తాయి, వాపు మొదలవుతుంది. ఆ వాపులో పుట్టే టెట్రాథయోనేట్‌ను శ్వాసకు వాడుకుని సాల్మొనెల్లా తోటి బ్యాక్టీరియాను దాటిపోతుందని 2010లో చిట్టెలుకల్లో, టైఫిమ్యూరియం అనే మరో చుట్టంతో తేలింది. గాలినేరంలో ఆ శ్వాస జన్యువులూ పాడైపోయాయి. దానికి పేగులో పంచాయితీ అక్కర్లేదు. సద్దు లేకుండా దాటి ప్లీహానికి, కార్జానికి చేరుతుంది. చచ్చిన కోడిని కోస్తే కార్జం ఉబ్బి, కంచు రంగు తిరిగి ఉంటుంది. 2001లో బారో బృందం చూపిందీ ఇదే: మొదటి ద్వీపం లేకపోయినా గాలినేరం కోళ్లను చంపగలదు, రెండోది లేకపోతే చేతులెత్తేస్తుంది. ఉగ్రతను తక్కువ-ఎక్కువల తూకంలో వేసే పాఠ్యపుస్తకాలకు ఈ సంగతి అందదు.

రెండింటి పైపూత మీదా ఓ9 గుర్తు ఒక్కటే. అందుకే ఒకదాని మీద పుట్టిన రోగనిరోధకత రెండోదాన్నీ అడ్డుకునేదని, కోళ్ల టైఫాయిడ్‌ను ఏరివేశాక ఖాళీ అయిన చోట్లోకి ఎంటెరిటిడిస్ వచ్చి కూర్చుందని 2000లో బాయిమ్లర్ బృందం వాదించింది. వాదన బాగుంది, కానీ నాకు పూర్తిగా మింగుడుపడదు. 1956లో స్మిత్ వర్ణించిన 9ఆర్ టీకా గాలినేరం రకమే, కాకపోతే పైపూత తెగిపోయి ఓ9 గుర్తు చూపలేనిది. అయినా అది ఎంటెరిటిడిస్‌ను కూడా కొంతవరకు ఆపుతోంది.